అడ్మిన్ ఎవరు?

అత్తగారి బొడ్లో తాళంచెవుల గుత్తి ఉన్నంతకాలం ఇంటి పెత్తనం ఎవరిదో విడిగా చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. బియ్యం ఎంత తీయాలో, పెట్టెలోంచి ఏ చీర బయటికి రావాలో ఆ గుత్తే తేల్చేది. ఈ రోజు పెత్తనంలో కొంత భాగం మరోచోటికి మారింది. టీవీ వెనక దుమ్ము పట్టి, చిన్న చిన్న దీపాలతో మిణుకుమంటూ ఉండే రౌటర్ దగ్గరికి. ఇంట్లో ఎవరికి ఎంత నెట్ అందాలో, ఏ వేళ దాకా అందాలో, ఎవరు ఏం చూశారో తేల్చగల పెట్టె అది. దాని తాళం ఎవరి దగ్గరుందనేది మనం మాట్లాడుకోవాల్సిన విషయమే.

రెండేళ్ళ కిందట మేం ఇల్లు మారినప్పుడు కొత్త కనెక్షన్ కోసం దరఖాస్తు చేసింది నేను, డబ్బు కట్టింది నేను. తీగ లాగి పెట్టె బిగించడానికి వచ్చిన కుర్రవాడు మాత్రం "సార్ లేరా మేడమ్?" అని అడిగాడు. ఆఫీసుకి వెళ్ళారన్నాను. "అయితే పాస్‌వర్డ్ సార్ నంబర్‌కి వాట్సాప్ చేస్తాను" అన్నాడు. తెలుగు కథ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్న మనిషికి ఎనిమిది అక్షరాలు రాసుకోవడం రాదని అతను అనుకుని ఉండడు. ఆ అక్షరాలు నావి కావచ్చన్న ఊహే అతనికి రాలేదు. నా సహచరుడికి ఇలాంటి వాటి మీద ఏ ఆసక్తీ లేదు. వచ్చిన మెసేజ్ చూసి వదిలేశాడు. అధికారం కోరుకోని మగవాడి చేతికి కూడా అది నడుచుకుంటూ వచ్చి చేరుతుంది. కావాలనుకున్న ఆడది మాత్రం వెతుక్కుంటూ వెళ్ళాలి.

నాకు కావాల్సి వచ్చింది. పాత స్త్రీల పత్రికల పుటల్ని స్కాన్ చేసుకుని, వేరే ఊళ్ళలో ఉన్న ఇద్దరు మిత్రులతో కలిసి సాయంత్రాలు తెర మీద చదువుకుంటాం. సరిగ్గా ఆ వేళకే హాల్లో క్రికెట్, లోపలి గదిలో మా బావగారబ్బాయి ఆటలు. నా మాట అవతలివాళ్ళకి ముక్కలు ముక్కలుగా వినిపించేది. "కాస్త టీవీ ఆపుతారా" అని రోజూ అడగటం నాకు ఇష్టం లేదు. అడిగిన ప్రతిసారీ దొరికేది దయే కదా. ఒక ఆదివారం పెట్టెను తిరగేసి, కింద అంటించిన కాగితం చదివాను.

ఆ కాగితం మీద రెండు పాస్‌వర్డులు ఉంటాయి. ఒకటి వైఫైలోకి రావడానికి. అది ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా చెప్తాం. రెండోది అడ్మిన్‌ది, పెట్టెనే శాసించేది. చాలామంది ఆడవాళ్ళకి మొదటిది తెలుసు. రెండోది ఉందన్న సంగతే తెలియదు. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టాక అడిగేది ఆ రెండోదాన్నే. కొన్ని పెట్టెలకి ఈ అంకె కొద్దిగా వేరుగా ఉంటుంది. 192.168తో మొదలయ్యే చిరునామాల్ని ఇళ్ళ లోపలి, సంస్థల లోపలి వాడకానికని 1994లో విడిగా కేటాయించారు. కాబట్టి ఎన్నో ఇళ్ళలో లోపలి చిరునామాలు ఒకేలా ఉంటాయి. గడప దాటేటప్పుడు రౌటర్ వాటిని తీసేసి, అందరికీ ఒకే బయటి చిరునామా తగిలిస్తుంది. ఈ పద్ధతిని నాట్ అంటారు. లోపల ఎంతమంది ఉన్నా లోకానికి ఇల్లంతా ఒకే మనిషి. లోపల ఎవరికి ఎంత అందుతోందో బయటివాళ్ళకి కనిపించదు. కుటుంబం గురించి చదువుకున్నవాళ్ళకి ఈ ఏర్పాటు బాగా పరిచయమైనదే.

లోపలికి వెళ్ళాక, కనెక్ట్ అయిన పరికరాల జాబితా కనిపించింది. నా సహచరుడి ల్యాప్‌టాప్ అతని పేరుతో ఉంది. టీవీ దాని కంపెనీ పేరుతో ఉంది. నా ఫోనూ, మా అత్తగారి ఫోనూ మాత్రం "తెలియని పరికరం" అని ఉన్నాయి. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో తన పేరు తనే మరిచిపోయిన గృహిణి గుర్తొచ్చింది. కానీ ఇక్కడ కారణం వేరు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైలో చేరేటప్పుడు తమ అసలు మ్యాక్ చిరునామా బదులు మామూలుగా ఒక కల్పిత చిరునామా చెప్తున్నాయి. ఆ అంకెని పట్టుకుని మనిషి ఎక్కడెక్కడ తిరిగిందో ఆరా తీయకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. పేరు లేకపోవడం ఒకచోట చెరిపివేత, ఇంకోచోట రక్షణ. కలంపేరు చాటున రాసిన స్త్రీల గురించి చదివినవాళ్ళకి ఈ రెండూ తెలుసు.

నేను చేసిన పనులు పెద్దవేమీ కావు. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి అందరికీ చెప్పాను. మీట నొక్కి వైఫైలో చేరే డబ్ల్యూపీఎస్ సదుపాయాన్ని ఆపేశాను. దాని ఎనిమిదంకెల పిన్‌ను తేలిగ్గా ఛేదించవచ్చని 2011లోనే బయటపడింది. బయటి నుంచి పెట్టెను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా ఆపేశాను. నా ల్యాప్‌టాప్‌కి ఒక స్థిరమైన లోపలి చిరునామా కేటాయించి, క్యూఓఎస్ అనే చోట దాని మాటలు ముందు వెళ్ళాలని నియమం పెట్టాను. పిల్లవాడి ఆట ఆగలేదు, క్రికెట్టూ ఆగలేదు. నా గొంతు మాత్రం పూర్తిగా వినిపించింది. జాబితాలో మా అత్తగారి ఫోనుకి ఆవిడ సొంత పేరు పెట్టాను. మొత్తం రెండు గంటల పని. ఇది మగవాళ్ళ విద్య అనేవాళ్ళకి ఒక మాట. ఇంటర్నెట్‌కి ముందరి అర్పానెట్‌లో కంప్యూటర్ల పేర్ల, చిరునామాల జాబితాను 1970ల, 80లలో కాలిఫోర్నియాలో నడిపిన బృందానికి నాయకురాలు ఎలిజబెత్ ఫైన్లర్.

అదే చోట ఇంకో రెండు పేజీలున్నాయి. ఒకటి పేరెంటల్ కంట్రోల్స్. ఏ ఫోనుకి ఏ వేళ నెట్ ఆపాలో అందులో చెప్పవచ్చు. రెండోది లాగ్. ఎవరు ఏ సైట్‌కి వెళ్ళారో కొన్ని రౌటర్లు అందులో రాసి పెడతాయి. హెచ్‌టీటీపీఎస్ వల్ల లోపల ఏం చదివారో కనిపించకపోయినా, ఏ గుమ్మం తొక్కారో కనిపిస్తుంది. హింస నుంచి బయటపడే దారి వెతుక్కుంటున్న స్త్రీకి ఆ మాత్రం జాడే ప్రమాదం. అలాంటప్పుడు ఇంటి వైఫై వదిలి ఫోను సొంత డేటా వాడుకోవడం, 181కి నమ్మకమైనవాళ్ళ ఫోను నుంచి మాట్లాడటం మేలు.

ఈ పేజీలు చూశాకే మా పిన్ని కూతురు చెప్పిన మాట అర్థమైంది. తెనాలిలో ఉంటారు వాళ్ళు. పీజీ ప్రవేశ పరీక్షకి చదువుతోంది. "అక్కా, రాత్రి పదయ్యేసరికి నా ఒక్కదానికే నెట్ ఆగిపోతోంది, అన్నయ్యకి వస్తోంది" అంది. అన్న చెల్లెల్ని తిట్టలేదు, ఫోను లాక్కోలేదు. లాక్కుంటే గొడవయ్యేది, పిన్ని అడ్డొచ్చేది. ఒక పేజీలో పది అని రాసి ఊరుకున్నాడు. ఫోను పాతదైపోయిందేమో అనుకుంటూ ఆ పిల్ల మూడు నెలలు పుస్తకం మూసి పడుకుంది.

2019 సెప్టెంబరులో ఫహీమా షిరీన్ కేసులో కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోను వాడకూడదన్న నియమాన్ని ఒప్పుకోనందుకు కోళికోడ్ జిల్లాలో ఈ డిగ్రీ విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఇంటర్నెట్ అందుకోవడం చదువు హక్కులో, ఆంతరంగికత హక్కులో భాగమని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది కోర్టు. హాస్టల్ నియమం నోటీసుగా అందరి కళ్ళ ముందూ ఉంది, కాబట్టి ఆమె దాన్ని ప్రశ్నించగలిగింది. ఇంటి నియమం రౌటర్లో ఉంది. అది ఉందని తెలియనిదే ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది? గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 చట్టం, కుటుంబ సంబంధం వల్ల స్త్రీ వాడుకోగల వనరుల్నీ సదుపాయాల్నీ అందకుండా చేయడాన్ని ఆర్థిక హింసలో చేర్చింది. ఇంటి నెట్‌ని కూడా ఆ సదుపాయాల్లో ఒకటిగా చూడాలని నా అభిప్రాయం.

ఆ పిల్లకి దొంగదారులు చెప్పడం తేలిక. కానీ దొంగదారిన చదువుకోవాల్సిన అవసరం దానికేమిటి? సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిన్నితో మాట్లాడాను. బాబాయి పోయాక కిరాణా కొట్టు నడుపుతూ నెట్ బిల్లు కట్టేది ఆవిడే. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డు మీద ఇంటిపెద్ద కూడా ఆవిడే. రౌటర్ తాళం మాత్రం కొడుకు దగ్గరుంది. "దాని మంచికేనమ్మా, రాత్రిళ్ళు ఎవరితో మాట్లాడుతుందో ఏమో" అన్నాడు వాడు. "నువ్వు ఒంటిగంట దాకా ఏం చూస్తున్నావో నేనెప్పుడన్నా అడిగానా?" అంది పిన్ని. పెట్టె వెనక సన్నని కంతలో పిన్నీసు గుచ్చి కాసేపు నొక్కి ఉంచితే అన్నీ చెరిగిపోయి మొదటికి వస్తుంది. అయితే నెట్ ఇచ్చిన సంస్థ పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా పోవచ్చు, వాటిని ముందే రాసిపెట్టుకోవాలి. అంతదూరం పోనక్కర్లేకపోయింది. రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగి, వాడే పాస్‌వర్డ్ చెప్పాడు. పిన్ని దాన్ని కొట్టు పద్దుల పుస్తకంలో గ్యాస్ నంబర్ పక్కన రాసుకుంది. పది గంటల నియమం తీసేశాం.

తర్వాత పిన్ని అడిగింది, "ఇది ఎక్కడెక్కడికి పోతుందో ఇందులో కనిపిస్తుందా అమ్మాయ్?" అని. పక్కనే కూతురు ఉంది. కనిపిస్తుందనే చెప్పాను. పిన్ని తెర వంక కాసేపు చూసి, "సరే, అది కూడా ఆపెయ్" అంది. మా చెల్లెలు ఏమీ మాట్లాడలేదు. ఆపకపోయి ఉంటే నేను ఏం అనగలిగేదాన్నో నాకు ఇప్పటికీ తేలలేదు. తాళం మగవాడి చేతి నుంచి ఆడదాని చేతికి మారితే సరిపోతుందని అనుకోవడానికి వీల్లేదని ఆ క్షణంలో తెలిసింది. కన్నతల్లి మంచితనం మీద ఆధారపడిన స్వేచ్ఛ కూడా సగం స్వేచ్ఛే. నియమం ఏదైనా దాని కిందికి వచ్చేవాళ్ళకి తెలియాలి, వాళ్ళు కాదనే వీలుండాలి. ప్రస్తుతానికి ఆ ఇంట్లో పద్దుల పుస్తకం ముగ్గురికీ అందేచోట, గల్లాపెట్టె మీద ఉంటోంది.