చప్పుడు లేని వేగము

శ్రీ సత్యసాయి జిల్లాలో చిత్రావతీ తీరమున ధర్మవరము అను పట్టణము కలదు. పట్టుచీరల నేతకు అది పెట్టినది పేరు. అచ్చటి నేతవారి వీథులలో అడుగుపెట్టినవారికి మనుష్యులు కనబడుటకు ముందే మగ్గముల చప్పుడు వినబడును. నాడె ఇటునుండి అటు పరుగిడు సవ్వడి, అచ్చు పేకను గ్రుద్దు సవ్వడి, జకార్డు పెట్టె లేచి పడు సవ్వడి గోడలు దాటి వీథిలోనికి వచ్చుచుండును. ఇంత చప్పుడులోను ఆ వీథివారు వెనుకనుండి వచ్చు బండిని దాని ధ్వనిచేతనే గుర్తించి ప్రక్కకు తొలగెడివారు. ఎడ్లబండికి మువ్వల మ్రోత, సైకిలుకు గొలుసు గలగల, మోటారు సైకిలుకు రొద గుర్తులు. ఇప్పుడు ఆ వీథులలో, ఇతర పట్టణములయందు వలెనే, ఏ గుర్తును లేని బండ్లు తిరుగుచున్నవి. అవియే విద్యుత్తుతో నడచు సైకిళ్లు, స్కూటర్లు.

వీనివలన కలుగు మేలు తక్కువది కాదు. పెట్రోలు ఖర్చు లేదు, పొగ లేదు, రొద లేదు. పట్టునూలు తెచ్చుకొనుటకును, నేసిన చీరలను అంగడికి చేర్చుటకును నేతగానికి సైకిలు చిరకాలముగా తోడైయున్నది. మోకాళ్ల నొప్పిచేత సైకిలు మానుకొన్న వృద్ధుడు విద్యుత్ సైకిలుపై మరల అంగడికి పోగలుగుచున్నాడు. ఈ ఊహయు నిన్న నేడు పుట్టినది కాదు. 1895వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన అమెరికా దేశములో ఆగ్డెన్ బోల్టన్ అనునతడు వెనుక చక్రము నడుమ మోటారు అమర్చిన సైకిలుకు పేటెంటు హక్కు పొందెను. అయినను, తక్కువ బరువులో ఎక్కువ శక్తిని నిలువచేయు లిథియం బ్యాటరీలు వచ్చిన పిదపనే అట్టి సైకిలు సామాన్యులకు చక్కగా ఉపయోగపడసాగినది. కనుక ఇది మంచి వస్తువే. కాని మంచి వస్తువైనను వాడుక తెలియనివాని చేతిలో కీడు చేయును.

తొక్కు సైకిలు సయితము మొదట అపాయకరముగనే ఉండెడిది. 1870 ప్రాంతములయందు ఐరోపాలో వ్యాపించిన సైకిలుకు ముందు చక్రము మనిషి రొమ్మెత్తు ఉండెడిది. దానిపై కూర్చున్నవాడు చిన్న రాయి అడ్డువచ్చినను తలక్రిందుగా ముందుకు పడెడివాడు. 1885లో ఇంగ్లండు దేశములోని కావెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రములతో, గొలుసుతో నడచు సైకిలును తయారుచేసెను. దానిని జనులు 'సేఫ్టీ సైకిలు', అనగా క్షేమమైన సైకిలు, అని పిలిచిరి. 1888లో డన్లప్ గాలి టైరును కల్పించెను. నేటి సైకిలు ఆ వంశములోనిదే.

ఆ సైకిలులో కంటికి కానరాని మరియొక రక్షణ కూడ కలదు. అది తొక్కువాని శ్రమ. వేగము కావలెనన్న కాళ్లు నొవ్వవలెను, రొప్పు రావలెను. బాలుడు వేగముగా తొక్కగలుగునంత బలము సంపాదించు నాటికి నిలకడ, మలుపు, బ్రేకు అన్నియు అతనికి అలవడియుండును. వేగమును చెమటతో కొన్నవాడు దానిని జాగ్రత్తగా ఖర్చుచేయును. విద్యుత్ సైకిలు ఈ శ్రమను తీసివేసినది. దానితోపాటు శ్రమ నేర్పు పాఠమును కూడ తీసివేసినది. పిడి త్రిప్పినంతనే వేగము లభించును. దానిని అదుపుచేయు నేర్పు మాత్రము అంత సులభముగా లభింపదు. ప్రమాదములకు మూలము ఇచ్చటనే కలదు.

ఒక నేత కుటుంబమును ఊహింపుడు. ఇంటికి క్రొత్తగా విద్యుత్ సైకిలు వచ్చినది. మనుమడు సంతోషము పట్టలేక, "తాతా! ఇక తొక్కనక్కరయే లేదు. పిడి త్రిప్పిన చాలును, అదియే పోవును!" అని కేకవేసెను. గుంటమగ్గములో కూర్చున్న తాత నాడెను ఆపి, "మంచిదే నాయనా! కాళ్లకు పని తగ్గినదన్నమాట. మరి కన్నులకు, చెవులకు, చేతులకు పని పెరిగినదని నీకెవరైనను చెప్పినారా?" అని అడిగెను. బాలుడు నవ్వి ఊరకుండెను. కాని ఆ ప్రశ్నలో విద్యుత్ సైకిలును గూర్చి తెలిసికొనవలసినదంతయు ఉన్నది.

మొదట వేగమును గూర్చి తెలిసికొందము. గంటకు 25 కిలోమీటర్లు అనగా స్వల్పమని పలువురు తలంతురు. కాని ఆ వేగముతో పోవు బండి ఒక్క సెకనులో సుమారు 7 మీటర్లు సాగును. ఎదుట మేకపిల్ల కనబడి, మనస్సు దానిని గ్రహించి, చేయి బ్రేకును నొక్కుటకు సుమారు ఒక సెకను పట్టును. ఆ సెకనులో బండి ఏమాత్రము తగ్గక 7 మీటర్లు పోయియే తీరును. ఆ తరువాతనే బ్రేకు పని మొదలగును. ఇంకొక విషయము. వేగము రెండింతలైన దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలగును. గంటకు 25 కిలోమీటర్ల వేగముతో గోడను తాకుట రెండున్నర మీటర్ల ఎత్తునుండి నేలపై పడుటతో సమానము. 50 కిలోమీటర్ల వేగమైనచో అది దాదాపు 10 మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడపైనుండి, పడుటతో సమానము. మేడపైనుండి దూకుమన్న ఎవడును దూకడు. కాని పిడిని చివరివరకు త్రిప్పుమన్న వెనుకాడనివారు పెక్కురు గలరు.

ఇక చప్పుడు మాట. నిశ్శబ్దము ఈ బండికి గుణమును, దోషమును కూడ. మగ్గముల మ్రోతలో మునిగిన వీథిలో వాకిట కూర్చున్న అవ్వకు, ఆడుకొను పసివానికి, అడ్డముగా నడచు ఆవునకు ఈ బండి రాక తెలియదు. కంటిచూపు మందగించిన వారు చెవులనే నమ్ముకొని వీథి దాటుదురు. ఐరోపా దేశములలో 2019 నుండి క్రొత్త తరహా విద్యుత్ కార్లు నెమ్మదిగా పోవునపుడు తప్పక ధ్వని చేయవలెనని నియమము చేసిరి. సైకిలుకు అట్టి యేర్పాటు లేదు గనుక నడుపువాడే గంట మ్రోగింపవలెను. మలుపుల వద్దను, ఇరుకు సందులలోను వేగము తగ్గింపవలెను. ఎదుటివాడు తనను విన్నాడని తలపక, వినలేదనియే తలంచుట క్షేమము.

వృద్ధుల విషయము ప్రత్యేకముగా గమనింపదగినది. సైకిళ్లకు ప్రసిద్ధిగాంచిన నెదర్లాండ్స్ దేశములో 2017లో 206 మంది సైకిలు నడుపువారు రోడ్డు ప్రమాదములలో మరణించిరి. ఆ సంవత్సరము అచ్చట కార్లలో మరణించినవారి సంఖ్యకంటె ఇది ఎక్కువ. ఆ 206 మందిలో నాలుగవ వంతునకు పైగా విద్యుత్ సైకిళ్లపై పోవువారు. వారిలోను అధికసంఖ్యాకులు 65 ఏండ్లు దాటినవారు. చక్కని సైకిలు బాటలు గల దేశములోనే ఇట్లు జరిగినప్పుడు, ఉలవ పైరును నూర్పిడికై రోడ్డుపై పరచు మన పల్లెదారులలో ఎంత జాగ్రత్త వలయునో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పైరుపైనను, ఇసుకపైనను చక్రము ఇట్టే జారును.

మన దేశపు చట్టము ఈ బండ్లను రెండు తరగతులుగా విభజించినది. మోటారు శక్తి 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును లోబడి, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించని బండిని మోటారు వాహనముగా పరిగణింపరు. దానికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు. అయితే దానికి తగిన బ్రేకులు, ముందు తెల్లని, వెనుక ఎఱ్ఱని ప్రతిఫలకములు ఉండవలెను. ఈ హద్దు మించిన ప్రతి విద్యుత్ స్కూటరును మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషను, లైసెన్సు, భీమా, శిరస్త్రాణము అన్నియు కావలయును. కొందరు చిన్న బండి వేగపు కట్టును విప్పించి దానిని పెద్ద బండివలె పరుగెత్తింతురు. ఇది చట్టమునకు విరుద్ధము; అంతకంటె ముఖ్యముగా, 25 కిలోమీటర్ల వేగమునకు తగినట్లు చేసిన బ్రేకులు అంతకు మించిన వేగమును ఆపజాలవు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, బాలుడు మోటారు వాహనము నడిపి నేరము చేసినచో తలిదండ్రులు లేక సంరక్షకులు 25,000 రూపాయల జరిమానాకును, మూడేండ్లవరకు జైలుశిక్షకును పాత్రులగుదురు. పిల్లవాని ముచ్చట తీర్చుట ప్రేమయే. కాని అతని చేతికి బండి నిచ్చుట ప్రేమ అనిపించుకొనదు.

శిరస్త్రాణము, అనగా హెల్మెటు, ఎట్లు వాడుకలోనికి వచ్చెనో తెలిసికొనదగినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అరబ్బుల పక్షమున పోరాడి పేరుగాంచిన టి. ఇ. లారెన్సు అను ఆంగ్ల సైనికుడు 1935 మే 13వ తేదీన ఇంగ్లండులో మోటారు సైకిలుపై పోవుచుండెను. సైకిళ్లపై పోవు ఇద్దరు బాలురను తప్పింపబోయి అతడు క్రిందపడెను. తలకు తీవ్రమైన గాయము తగిలి, స్పృహ రాకయే ఆరు దినములకు మరణించెను. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ మరణము అతని మనస్సును కలచివేసెను. అతడు మోటారు సైకిలు ప్రమాదములను ఏండ్ల తరబడి పరిశీలించి, శిరస్త్రాణము ప్రాణములను కాపాడునని 1941లో ప్రకటించెను. అటుపిమ్మట బ్రిటిషు సైన్యము తన వార్తాహరులకు దానిని తప్పనిసరి చేసెను. ఒక ప్రసిద్ధుని మరణమునుండి లోకము నేర్చుకొన్న పాఠమది.

ఆ పాఠము మనకు ఇంకను పూర్తిగా ఒంటబట్టలేదు. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో భారతదేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు 74,897 మంది ద్విచక్ర వాహనములపై పోవువారు. శిరస్త్రాణము ధరింపక మరణించినవారు 50,029 మంది. చిన్న విద్యుత్ సైకిలుకు శిరస్త్రాణము తప్పనిసరి కాదుగదా యని కొందరు వాదింతురు. చట్టము మన్నించినను నేల మన్నింపదు. తలకు సరిపోవు శిరస్త్రాణమును ధరించి, గడ్డము క్రింది పట్టీని బిగించి కట్టవలెను. పట్టీ కట్టని శిరస్త్రాణము పడిన క్షణముననే తలను విడిచి దొర్లిపోవును.

విద్యుత్ బండి రోడ్డుపైననే కాక ఇంటిలో నిలిపినపుడు సయితము ఒక అపాయమును దాచుకొనియుండును. అది బ్యాటరీ. 2022 ఏప్రిలులో నిజామాబాదులోను, విజయవాడలోను ఇండ్లలో చార్జింగుకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీలు ప్రేలి, ఒక్కొక్కచోట ఒకరు మరణించిరి. విజయవాడలో ఆ బ్యాటరీని పడకగదిలోనే పెట్టియుండిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన సికిందరాబాదులో ఒక లాడ్జి క్రిందనున్న విద్యుత్ బండ్ల దుకాణమున మంటలు లేచి, పొగ పై అంతస్తులకు క్రమ్మి, 8 మంది మరణించిరి. ఇట్టి సంఘటనల పిమ్మట ప్రభుత్వము 2022 డిసెంబరు 1 నుండి బ్యాటరీల పరీక్షానియమములను కఠినము చేసెను. నేతవారి ఇంటికి ఈ హెచ్చరిక మరింత వర్తించును. కొయ్య మగ్గము, పట్టునూలు, నేసి మడిచిన చీరలు అన్నియు ఒకే చోట ఉండును. కుటుంబమంతయు దినములతరబడి పడిన కష్టము నిప్పురవ్వకు ఎరయగును. కనుక బ్యాటరీని మగ్గము ప్రక్కను, పడకల దగ్గరను, బయటికి పోవు దారిలోను పెట్టరాదు. బండితో వచ్చిన చార్జరునే వాడవలెను. ఎండలో నడిపి వచ్చిన వెంటనే కాక, బ్యాటరీ చల్లబడిన పిదప చార్జింగు పెట్టవలెను. రాత్రి అందరు నిదురించు వేళ దానిని విడిచిపెట్టరాదు. ఉబ్బిన, నీట తడిసిన, క్రిందపడి దెబ్బతిన్న బ్యాటరీని వాడరాదు. పొగ కనబడినచో వస్తువులకై ఆశపడక అందరు బయటికి వచ్చి, 101కి ఫోను చేయవలెను.

నేతగాడు మగ్గమెక్కుటకు ముందు పడుగును ఒకమారు కలయజూచును. బండి ఎక్కువాడు అట్లే బ్రేకులను, టైర్ల గాలిని, దీపమును చూచుకొనవలెను. రెండు బ్రేకులను కలిపి మెల్లగా నొక్కవలెను. ముందు బ్రేకు నొక్కదానిని గట్టిగా పట్టినచో బండి తలక్రిందగును. బ్రేకు పట్టునపుడు పిడిని వదలివేయవలెను. వెనుక కూర్చున్న స్త్రీలు చీర కొంగును, చున్నీని చక్రమునకు చిక్కకుండ ఒడిలో చుట్టుకొనవలెను. చీరల మూటను ఒకే ప్రక్కకు వ్రేలాడ గట్టరాదు; బరువు ఒరిగినచో మలుపులో బండి చేతికి లొంగదు. చెవులలో పాటల తీగలు పెట్టుకొని నడుపరాదు. ఎవరైన పడినట్లు చూచినచో గుంపుగా చేరి నిలువక 108కి ఫోను చేయవలెను. గాయపడినవారికి సహాయపడినవారిని చట్టము రక్షించును.

యంత్రము మనిషి కాళ్ల శ్రమను తగ్గింపగలదు. మనస్సు చేయవలసిన పనిని మాత్రము తాను చేయజాలదు. ధర్మవరపు నేతగాడు తన చేతిలో వేలాది పోగులున్నను ఒక్క పోగు తెగినంతనే నాడెను ఆపును. తెగిన పోగును అతికి మరల నేయును. రోడ్డుపై తెగిన ప్రాణమును అతుకగలవాడు లేడు. కనుక బాలబాలికలారా! ఆగవలసినచోట ఆగుటను ముందు నేర్చుకొనుడు. వేగముగా పోవుట ఆ తరువాతి మాట.