రేకుల కింద కూనలు

2023 మే 14, ఆదివారం. ఇందా, ఖరగ్‌పూర్

వెనక వాటా పాత రేకులు దింపుతుంటే మేస్త్రి కేకేశాడు. గోడకీ రేకుకీ మధ్య సందులో మూడు కూనలు, కళ్లింకా తెరవలేదు. "భామ్, భామ్" అన్నాడు బెంగాలీ కూలీ. మనం మానుపిల్లి అంటామే, అదే. రాత్రిళ్లు గోవిందభోగ్ బియ్యం ఉడుకుతున్న వాసన వస్తుంటే ఎవరింట్లోనో పాయసం అనుకునేదాన్ని. ఆ వాసన తల్లిదట.

ఎదురింటి మామ్మగారు దండం పెట్టేశారు. "వెంకన్నకి పూసే తైలం దీన్నుంచేనే, పెంచుకో!" ఆ పునుగుపిల్లి వేరండీ, అది నేలమీద తిరిగేది, ఇది చెట్లెక్కేది అన్నా వినరు.

నిమ్‌పురా నుంచి పాములు పట్టే మన తెలుగు కుర్రాడు వచ్చాడు. వస్తూనే, "పిన్నీ, పాలేమైనా పట్టారా?" లేదన్నాను. హమ్మయ్య అన్నాడు. ఆవుపాలు పడితే విరేచనాలు పట్టుకుని పోతాయట. వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయట. అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేసి, కూనల్ని అట్టపెట్టెలో పెట్టి అదే గోడమీద ఉంచాడు. పని ఆపించాడు. లైటు తీయించాడు. తల్లి రావాలి, అంతే. కూలీలకు పూట కూలి ఊరికే ఇచ్చాను. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మే 15

రాత్రి తల్లి వచ్చి రెండింటిని నోట కరుచుకుపోయింది. మూడోది చల్లబడి ఉంది. అటవీశాఖ వాళ్లు తీసుకెళ్లారు. పశువుల డాక్టరు చెప్పినట్టు ఈ కుర్రాడూ వాడి స్నేహితులూ వంతులేసుకుని పాలు పడతారట. ముందు ఒళ్లు వెచ్చబడాలి, ఆ తర్వాతే పాలు. తల్లి నాకినట్టు తడి దూదితో తుడిస్తేగానీ మూత్రం కూడా పోయదట.

జూన్ 11

కూనను చూడ్డానికి వస్తానంటే కుర్రాడు వద్దన్నాడు. పేరు కూడా పెట్టలేదట. నాకు కోపమొచ్చింది. కాకికి కూడా ముద్ద పెట్టి వరస కలిపే ఇళ్లు మనవి. కానీ మనిషికి అలవాటు పడ్డ జంతువు ఈ జిల్లాలో బతికేదెలా? వసంతంలో వేటపండగని బల్లేలు పట్టుకుని వందలమంది అడవుల్లోకి దిగుతారు. 2018 ఏప్రిల్ 13న లాల్‌గఢ్ వైపు బాఘ్‌ఘరా అడవిలో పులే బల్లెం పోట్లతో చచ్చిపడి ఉంది. పులికే దిక్కులేనిచోట దీనికెవరు?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వీటిని ఇంట్లో పెంచుకోనివ్వదు. మామ్మగారికి చెప్పాను. "చట్టానికేం తెలుసు" అన్నారు.

ఆగస్టు 20

కుర్రాడి ఫోను. తిండి పెట్టబోతే చేతితొడుగులోంచి పళ్లు దిగేలా కరిచిందట! పరీక్ష పాసయినట్టు చెబుతున్నాడు. టీకా వేయించుకున్నావా అని కేకలేశాను. ముందే వేయించుకున్నా మళ్లీ రెండు డోసులు వేయాలన్నారట, ఒకటయిందన్నాడు.

ఇక పళ్లు గిన్నెలో పెట్టరట. బోనులో కొమ్మలకు కట్టి దాన్నే వెతుక్కోమంటారు. బొద్దింకల్ని కూడా వదులుతున్నారు. మా జామచెట్టు కొమ్మలు కాయలతో సహా కోసి ఉంచమన్నాడు. రేపు పొద్దున్న మనిషిని పంపిస్తాడట.