ఇంటిపేరు దొరికిన పిట్ట

ఊటీ అంటే పూలతోట, బోటు షికారేనా? తెల్లవారుజామున కొండ మడతల్లోని షోలా అడవి అంచున కాసేపు నిలబడండి. నేలబారు పొదల్లోంచి సన్నటి ఈల వినిపిస్తుంది. నీలి వీపు, తుప్పురంగు పక్కలున్న ఆ బుల్లి పిట్టే షోలకిలి. మలయాళంలో కిళి అంటే పిట్ట.

1840ల్లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసిన జెర్డాన్, మన నెల్లూరులో పనిచేసిన డాక్టరే! ఆయన దీన్ని ఎర్రతోక పిట్టల్లో కలిపాడు. తర్వాతివాళ్లు మరోచోట చేర్చారు. పాపం, ఎక్కడా కుదురుకోలేదు. చివరికి 2017లో డీఎన్ఏ పరీక్షలతో గుట్టు వీడింది. ఇది ఫ్లైక్యాచర్ల చుట్టం, పశ్చిమ కనుమలకే పరిమితమైన ప్రత్యేక ప్రజాతి. పాలక్కాడ్ కనుమకు దక్షిణాన ఉండే తెల్లపొట్ట పిట్ట దీని తోబుట్టువు. వీటి గూళ్లుండే షోలాలను మాత్రం తేయాకు, యూకలిప్టస్ తోటలు ముక్కలు చేసేశాయి.