గాజుతొట్టిలో సముద్రం

సముద్రానికి మైలు దూరంలో కాపురముంటూ, డబ్బిచ్చి ఉప్పు కొని, సముద్రపు నీళ్లు ఇంట్లో కలుపుకునేవాణ్ణి ఏమనాలి? మా ఆవిడ ఒక మాట అన్నది గాని, అది పత్రికలో అచ్చువేయదగినది కాదు. మా వీధికి చేపలు తెచ్చే అమ్మి మాత్రం గంప దించి, నావంక జాలిగా చూసి, "ఏటి బాబూ, ఉప్పునీలు డబ్బులెట్టి సేసుకుంతన్నావా? మా గుంటణ్ని పంపితే రెండు బిందిలు అట్టుకొచ్చి పడెయ్యడా?" అన్నది.

మాది విశాఖపట్నం. ఉద్యోగం చాలించి రెండేళ్లయింది. మొన్న వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి మా మనవరాలు వచ్చింది. మూడో తరగతి చదువుతున్నది. 2003లో వచ్చిన "ఫైండింగ్ నీమో" అనే బొమ్మల సినిమాను అది ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. నారింజ రంగు ఒంటిమీద తెల్ల పట్టీలుండే ఆ క్లౌన్ చేప కావాలని వచ్చిన రోజే అడిగింది. సరేనన్నాను. తాతలు సరే అనడానికి పెద్దగా ఆలోచించరు గదా!

తీరా విచారిస్తే అది మంచినీటి చేప కాదు, ఉప్పునీటి చేప అని తెలిసింది. అలాంటి తొట్టి కొత్తగా పెట్టేవాడు ముందు పెంచవలసింది చేపను కాదట, నీటినట. ఈ ముక్క అర్థం కావడానికి నాకు వారం రోజులు పట్టింది.

చేపల అమ్మికి ఆవేళ జవాబు చెప్పలేకపోయాను గనక ఇక్కడ చెబుతాను. మనకు ఒడ్డున దొరికే నీరు అసలైన సముద్రపు నీరనడానికి లేదు. అందులో ఊరి మురుగు ఉంటుంది, ఓడరేవు నూనె ఉంటుంది. పైగా బంగాళాఖాతం ఏడాది పొడుగునా ఒక్కలా ఉండదు. వానల తరవాత గంగ, మహానది, గోదావరి తెచ్చి పోసే మంచినీటితో పైనీటి ఉప్పదనం బాగా తగ్గిపోతుంది. పోనీ శుభ్రమైన నీరే తెచ్చామనుకుందాం. అందులో కంటికి ఆనని ప్రాణులు కోట్లు ఉంటాయి. బిందెలో పోసి మూత పెడితే అవి చచ్చి కుళ్లుతాయి. అంచేత కొత్తవాడికి తయారుచేసుకున్న నీరే క్షేమం.

తయారీ వంట చేసినంత పని. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి కొన్నాను. పట్టేది సుమారు 50 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల లెక్కన కిలో 750 గ్రాముల ఉప్పు. అది వంటింటి ఉప్పు కాదు సుమండీ! వంటింటి ఉప్పులో ఉన్నది దాదాపు సోడియం క్లోరైడే. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వగైరా లవణాలెన్నో ఉన్నాయి. వాటన్నిటినీ పాళ్ల ప్రకారం కలిపిన పొడి ప్యాకెట్లలో అమ్ముతారు. నీరు కూడా కుళాయి నీరు కాదు. అందులోని క్లోరిన్ పడదు గనక వడగట్టిన ఆర్.ఓ. నీరే పోయాలి. కలిపి, ఒకరోజు తిప్పనిచ్చి, నీటిలో తేలే కొలత సాధనంతో చూస్తే 1.025 దగ్గర ఉండాలి.

చిన్న తొట్టి గనక సులువని నేను అనుకున్నాను. అది తలకిందుల లెక్క. చెరువులో చెంబెడు వేడినీళ్లు పోస్తే చెరువుకు తెలియదు. గ్లాసులో పోస్తే తెలుస్తుంది. నీరు ఎంత తక్కువైతే వేడీ, ఉప్పదనమూ, మలినమూ అంత తొందరగా మారిపోతాయి. చోటూ, డబ్బూ ఉంటే పెద్ద తొట్టే నయం. మా ముందుగదిలో చోటు లేదు. పింఛనులో డబ్బు లేదు. అంచేత కాపలా ఎక్కువ కాయాలని నిశ్చయించుకున్నాను.

మే నెల విశాఖ సంగతి మీకు తెలుసు. నీరు 26, 27 డిగ్రీలుండాలి, మా గదిలో గాలే 33. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు కూడా తక్కువే కరుగుతుంది. శీతలయంత్రం ఖరీదు విని ఇంటికి వచ్చేసి, చిన్న పంకా ఒకటి తొట్టి అంచుకు బిగించి, నీటి మీదికి గాలి తగిలేటట్టు పెట్టాను. కూజాలో నీరు చల్లబడే సూత్రమే ఇది. ఆవిరైపోయే నీరు వేడిని వెంట తీసుకుపోతుంది. మూడు డిగ్రీలు దిగింది. రాత్రిళ్లు ఇంకొంచెం దిగేది. కాని రోజుకు లీటరు చొప్పున నీరూ దిగింది. తరిగిన చోట ఉప్పునీరే పోయాలనుకుని కలుపుతుంటే మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "పులుసు మరిగితే ఉప్పెక్కువవదూ? ఎగిరిపోయింది నీళ్లేగా, మళ్లీ ఉప్పెందుకండీ?" అన్నది. పుస్తకాల్లో రెండు పేజీలు రాసిన విషయం అదే! నాటినుంచి రోజూ పొద్దున లీటరు ఆర్.ఓ. నీరు పోసే అధికారం తనే తీసుకున్నది.

ఈ సరదా కొత్తదేమీ కాదు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటేడు ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు "ది అక్వేరియం" అనే పుస్తకం రాశాడు. అది చదివిన జనం సీసాలూ, వలలూ పట్టుకుని సముద్రతీరాల మీద పడ్డారు. రాళ్ల మధ్య మడుగుల్లో ఉన్న ప్రాణులను ఊడ్చిపెట్టుకుపోయారు. ఆ మడుగులు ఎలా పాడైపోయాయో ఆయన కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో అచ్చయిన "ఫాదర్ అండ్ సన్"లో బాధపడుతూ రాశాడు. ముచ్చటపడిన వస్తువును ఆ ముచ్చటే పాడుచేసిందన్నమాట.

అంచేత మా తొట్టిలోకి సముద్రం నుంచి ఏదీ పీక్కురాకూడదనుకున్నాను. మన దేశంలో పగడపు దిబ్బలు కట్టే జీవులకూ, సముద్రపు గుర్రాలకూ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్ష ఉన్నది. వాటిని పట్టడమూ, అమ్మడమూ నేరమే. నేను కొన్నవి కొలిమిలో కాల్చిన, కంతలు కంతలుగా ఉండే సిరామిక్ రాళ్లు. అడుగున సున్నపు రాతి తెల్ల ఇసుక పోశాను.

ఇక అసలు కథ. చేప తొట్టిలోనే తింటుంది, తొట్టిలోనే విసర్జిస్తుంది. దానివల్ల అమోనియా పుడుతుంది. సముద్రపు నీటికి కాస్త క్షారగుణం ఉంది గనక అందులో అమోనియా మరింత విషం. చేప మొప్పలను కాల్చేస్తుంది. దీనికి విరుగుడు కంటికి కనిపించని సూక్ష్మజీవులు. ఒక తెగ అమోనియాను నైట్రైటుగా మారుస్తుంది. ఇంకో తెగ ఆ నైట్రైటును అంత హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటును మనం వారం వారం కొంత నీరు మార్చి తీసేయాలి. ఈ రెండు తెగలూ రాళ్ల కంతల్లోనూ, ఇసుకలోనూ కాపురం పెట్టి పిల్లాపాపలతో వృద్ధి చెందడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రంలోంచి ప్రాణమున్న రాళ్లు తెచ్చి వేసుకుని తొట్టి నడిపిన పద్ధతిని 1961లో ఒక అమెరికా పత్రికలో రాశాడు. అలాంటి రాళ్ల మీద ఈ సూక్ష్మజీవులు ముందే ఉంటాయి. మావి కాల్చిన రాళ్లు. అంచేత మొదటినుంచీ మొదలుపెట్టాలి.

సూక్ష్మజీవులకు ముందు మేత కావాలి గదా! చేపల అమ్మినే ఒక పచ్చి రొయ్య అడిగాను. ఒక్కటేనా అని నవ్వి, ఊరికే ఇచ్చింది. పలచని గుడ్డలో కట్టి తొట్టిలో వేలాడదీశాను. అది కుళ్లి అమోనియా పుట్టించాలి. ఆ వారం మా ఇంట్లో అగరొత్తుల ఖర్చు పెరిగిందని వేరే చెప్పక్కరలేదు.

మే 4వ తేదీ మొదలు. మనవరాలు ఒక నోటుబుక్కు పెట్టింది. రోజూ సాయంత్రం చిన్న గాజుగొట్టంలో తొట్టినీరు పోసి, మందు చుక్కలు వేసి, రంగు చూసి రాసుకునేది. అమోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైటు లేకపోతే ఆకాశపు నీలం, ఉంటే ఊదా. మూడోనాటికి గొట్టం చిలకపచ్చగా మారింది. మరో రెండు వారాలకు ఊదారంగు కనిపించింది. చేపలేని తొట్టి ముందు కూర్చుని నీటి రంగులు రాసుకునే తాతనూ, మనవరాలినీ చూడడానికి ఇరుగుపొరుగులు కూడా వచ్చారు.

జూన్ 9న దాని ప్రయాణం. బడి తెరిచేది 12న. ఎనిమిదో తేదీ సాయంత్రం గొట్టంలో ఇంకా లేత ఆకుపచ్చే.

"ఇవాళ వేసేద్దాం తాతయ్యా, ఒక్కరోజు చూసి వెళ్లిపోతాను" అన్నది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మా ఆవిడ కూడా, "పసిపిల్ల ముచ్చటండీ. లేతరంగే గదా!" అన్నది. దుకాణం అబ్బాయికి ఫోను చేశాను. "ఏం పర్లేదు సార్. చవక చేప ఒకటి వేయండి. నీరు అదే కుదురుకుంటుంది. పోతే పోతుంది" అన్నాడు.

ఆ చివరి మాట నా గొంతుకకు అడ్డం పడింది. మనవరాలిని పక్కన కూచోబెట్టుకుని, దాని నోటుబుక్కే తెరిచి, మొదటినుంచీ అంకెలు చదివించాను. చివరికి, "ఇందులో చేపను వేస్తే దానికేమవుతుందో చెప్పు" అన్నాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మొప్పలు మండుతాయి" అన్నది. ఆ రాత్రి నాతో మాట్లాడకుండానే పడుకుంది. మర్నాడు రైలెక్కేటప్పుడు చెయ్యి ఊపింది గాని, ఎప్పటిలా నవ్వలేదు. ఇల్లు చేరిన తరవాత తొట్టివంక చూడబుద్ధి కాలేదు. ఐదు వారాలు పిల్ల కాచుకున్న చేపను చూపించకుండా పంపిన ముసలివాడికి, నీటిలో ఆకుపచ్చ ఎంత ఉన్నదో చూడాలని ఉంటుందా? అయినా చూశాను, రాశాను.

జూన్ నెలాఖరుకు రెండు గొట్టాలూ శుభ్రంగా వచ్చాయి. వారం ఆగి, జూలై మొదట్లో రెండు చిన్న క్లౌన్ చేపలు తెచ్చాను. అవి సముద్రంలో పట్టినవి కావు, హేచరీలో పుట్టినవి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ చేపలను హేచరీలో పుట్టించి పెంచే విధానాన్ని మన దేశంలో సాధించింది. సంచీతో సహా తొట్టిలో తేలవేసి, గంటసేపు కొద్దికొద్దిగా మా నీరు కలిపి, మెల్లగా వదిలాను. రెండూ రాయి వెనక్కి పోయి దాక్కున్నాయి. సాయంత్రానికి బయటికి వచ్చాయి.

వీటి సంసారం విచిత్రం. జంటలో పెద్దది ఆడది, పెత్తనం దానిదే. చిన్నది మగది, గుడ్లకు కాపలా కాసేది అదే. ఆడది పోతే మగదే ఆడదిగా మారుతుంది. ఈ సంగతి చెబితే మా ఆవిడ, "నీళ్లలోనైనా సవ్యంగా ఉంది" అన్నది.

దసరా సెలవులకు మనవరాలు వచ్చింది. చెప్పులు విప్పి సరాసరి తొట్టి దగ్గరికి పరుగెత్తుతుందని, చేపలు దాన్ని చూసి దాక్కోకుండా ఉంటే బాగుండునని పొద్దుటినుంచీ అనుకుంటున్నాను. అది తిన్నగా బల్లమీది నోటుబుక్కు దగ్గరికి పోయింది. తను వెళ్లిన రోజు పేజీ వెతికి, అక్కణ్ణించి ఒక్కొక్క అంకే వేలుపెట్టి చదువుకుంటూ వచ్చింది. ఆకుపచ్చ పోయి పసుపు వచ్చిన రోజు దగ్గర ఆగి, వేళ్లమీద లెక్కపెట్టి, "ఇంకా పదిహేడు రోజులు పట్టింది తాతయ్యా" అన్నది. అప్పుడు లేచి, చేపలను చూడడానికి వెళ్లింది.