గాలి దప్పిక

వైశాఖమాసమున విశాఖతీరమందు ఒక యిల్లాలు ఉప్పుజాడీ మూత తీసి, నిన్నటివఱకు పొరపొరలాడిన ఉప్పు నేడు చెమర్చి ముద్దగట్టియుండుటను జూచి, 'ఉక్క పట్టినది' అనుకొనును. గాలి తాను భరింపగల ఆవిరిలో నూటికి 75 పాళ్లు నిండినంతనే ఉప్పు ఆ తేమను గ్రహించి కరగనారంభించునను ప్రకృతినియమమును, ఏ యంత్రమును లేకయే, ఆ జాడీ ఆమెకు దెలిపినది.

అదే మధ్యాహ్నమున రామగుండములో ఒక వసారామూల నిసుకలో కుదురుకొన్న మట్టికుండ, చుట్టును వడగాలి వీచుచుండగా, గొంతు జిల్లుమనునట్టి నీటి నందించును. కుండ మేనినుండి ఊరిన చెమ్మ ఆ పొడిగాలిలో త్వరితముగా ఆవిరియగుచు లోపలి వేడిమిని తనతో గొనిపోవును. తీరమున ఆ కుండయే యంతగా చల్లబడదు. మన మేని చెమటయు ఆరదు.

ఉష్ణము పెరిగినకొలది గాలి ఆవిరిని భరించు శక్తియు పెరుగును. ఘనమీటరు గాలిలో 20 డిగ్రీలకడ సుమారు 17 గ్రాములు, 30 డిగ్రీలకడ 30 గ్రాములు ఇముడును. అయినను ఇముడగలుగుట వేఱు, ఇమిడియుండుట వేఱు. 42 డిగ్రీల వడగాలిలో తేమ నూటికి 20 పాళ్లే యున్నను, అందు ఘనమీటరునకు రమారమి 11 గ్రాముల నీరుండును. పుష్యమాసపు వేకువను లంబసింగి కొండలపై చలి 5 డిగ్రీలకు దిగి, చేయిచాచిన చేయి కానరాని మంచు క్రమ్మినపుడు ఆ గాలిలోని ఆవిరి 7 గ్రాములకు మించదు. కన్నులకు నిండుగా దోచు మంచుకంటె పెదవుల నెండగట్టు వడగాలిలోనే నీ రధికమనుట యెంతటి విస్మయము! ఎండిన గాలి నీరులేని గాలి కాదు, దప్పిక తీరని గాలి. ఆషాఢమున సముద్రములమీదుగా వచ్చు నైరృతి ఆ దప్పికను దీర్చును.

వడ, ఉక్క, మంచు అని మన పెద్దలు వేఱువేఱుగా పేర్లిడినది ఈ వేడికిని నీటికిని గల సంబంధమునకే. కావున వేసవి వార్తలలో డిగ్రీలను మాత్రమే విని, 36 గదా యని తీరవాసుల కష్టమును తేలికగా నెంచరాదు. ఓడరేవులో మూటలు మోయు కూలి వీపున ఆరని చెమట, అంకెలు చెప్పని రెండవసగమును చెప్పుచున్నది.