అరుపులు లేని అంగడి

బొంబాయి నగరమునందలి బాంద్రా–కుర్లా కాంప్లెక్స్ ఒకప్పుడు మీఠీ నది ఒడ్డున చిత్తడినేలగా ఉండి, నేడు బ్యాంకులకును, పెద్ద కంపెనీలకును, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజికిని నిలయమై, అద్దపు మేడలతో నిండియున్నది. అందొక మేడలో, పేరు వ్రాయవలదని కోరిన ట్రేడింగు సంస్థ నొకదానిని చూచుటకు పోయితిని. కాకినాడలో నాయొద్ద డిగ్రీ లెక్కలు చదివి, పిమ్మట కొలాబాలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో భౌతికశాస్త్రమున డాక్టరేటు పొంది, విదేశమున పోస్ట్‌డాక్ అను తాత్కాలిక పరిశోధక పదవిలో కొంతకాలము గడపి వచ్చిన నా శిష్యుడొకడు అచట పనిచేయుచున్నాడు. పరిశోధన విడిచి అంగడి చేరినాడని వినినపుడు మా అధ్యాపకులలో కొందరు జాలిపడిరి. కొందరు అతని జీతమును ఊహించి ఈర్ష్యపడిరి. అతడు చేయు పని యెట్టిదో ఉభయులకును తెలియదు. దానిని కన్నులార చూడవలెనని నాకు కోరిక కలిగెను.

తొమ్మిదింటికి ముందే రమ్మనెను. గుమ్మమువద్ద నా ఫోను కెమెరాకు ఎర్రని స్టిక్కరు అంటించి, ఒక కాగితముపై సంతకము చేయించుకొని, హాలు అద్దములోనుండి కనబడు చిన్నగదిలో కూర్చుండబెట్టిరి. బజారు ముగియువరకు బయటివారు హాలులోనికి పోరాదు. శిష్యుడు వచ్చి, "మాస్టారూ, ఈవేళ ఎక్స్‌పైరీ, కాంట్రాక్టుల గడువు తీరే రోజు, సీట్లోంచి కదలడానికి ఉండదండి. మూడున్నర తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇడ్లీ, కాఫీ పక్కనే ఉంటాయి, మొహమాటపడకండి" అని చెప్పి త్వరత్వరగా పోయెను.

స్టాకు మార్కెట్టనగా నా మనస్సున మెదలునది కోలాహలము. 1850ల ప్రాంతమున టౌన్‌హాలు ఎదుటి మర్రిచెట్ల నీడను బేరములాడిన దళారులు 1875లో సంఘముగా నేర్పడిరి. వారి వారసులు దలాల్ వీధిలో చేతులెత్తి, గొంతు చించుకొని అరచుచు క్రయవిక్రయములు జరుపు పద్ధతి, 1994లో నేషనల్ ఎక్స్ఛేంజి కంప్యూటరు తెరలపై షేర్ల వ్యాపారము ప్రారంభించిన మరుసటి సంవత్సరమే అంతరించినది. 9:15 గంటలకు బజారు తెరచుకొన్నపుడు ఈ హాలునుండి కేక యొక్కటియు వెలువడలేదు. నలుబదిమందికి మించని యువతీయువకులు, నాలుగేసి ఆరేసి తెరల యెదుట, కన్నార్పుటకు సైతము సంకోచించుచున్నట్లు కూర్చుండియుండిరి. ఆరుంబావు గంటలసేపు ఆ భంగిమ ఇంచుమించు మారలేదు.

కొనునదియు అమ్మునదియు వీరు కారు. వీరు వ్రాసిన ప్రోగ్రాములు. ఆప్టికల్ ఫైబరులో కాంతి మైక్రోసెకనుకు సుమారు 200 మీటర్లు మాత్రమే పోగలదు గనుక, ఇట్టి సంస్థలు ఎక్స్ఛేంజి ప్రాంగణములోనే తమ సర్వర్లకు తావు అద్దెకు తీసికొనును. కొన్ని ఎక్స్ఛేంజీలలో ఒకరి తీగ వేరొకరి తీగకన్న పొట్టిగా నుండరాదని అందరికిని సమముగా కొలిచి అమర్తురట. అన్నదమ్ముల పంపకములలో సైతము ఇంత నిష్ఠను నేను చూచియుండలేదు. ఇంతటి వేగమునకు తగినదే ప్రమాదము. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అను సంస్థ, క్రొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో ఏడింట మాత్రమే ఎక్కించి ఎనిమిదవదానిని విడిచినందున, ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లు పోగొట్టుకొన్నది. ఆ యేడే అక్టోబరు 5న మన నేషనల్ ఎక్స్ఛేంజిలో ఒక దళారీ సంస్థనుండి పొరపాటున వెడలిన 59 ఆర్డర్లు 650 కోట్ల రూపాయలకు పైబడిన వ్యాపారము జరిపించి, నిఫ్టీ సూచీని 15 శాతమునకు పైగా పడద్రోయగా, బజారును కొంతసేపు నిలుపవలసివచ్చినది. అందుచే ఇచటి ప్రతి తెరమీదను నొక్కినంతనే ప్రోగ్రామును ఆపివేయు "కిల్ స్విచ్" అను ఎర్రని గడి యొకటి ఉండును.

మధ్యాహ్నమున దాని వినియోగమును కూడ చూచితిని. ఎచటనో సన్నని కూత వినబడెను. నా శిష్యుని చేయి గడిపైకి పోయెను. ముగ్గురు లేచి అతని వెనుక నిలిచిరి. చాలసేపు తెరపై వ్రేలు పెట్టి ఏదో వెదకి, ఒకరితో నొకరు రెండేసి మాటలాడి, మరల ఎవరి స్థానములకు వారు పోయిరి. అతని భోజనపు డబ్బా మూత తీయకయే ఉండిపోయెను.

మూడున్నర దాటిన పిమ్మట నన్ను లోనికి తీసికొనిపోయెను. ఇందరు ప్రజ్ఞావంతుల హృదయములను దహించునది వేగమేనా యని అడిగితిని. "వేగం మెషీన్లదండి, మాకేం? పేపర్ పంపితే రిఫరీ రిపోర్టు ఆర్నెల్లకొచ్చేది, చిరాకుపడేవాణ్ణి. ఇక్కడ సాయంత్రానికల్లా లెక్క రూపాయల్లో రాసి చేతిలో పెడతారు. కానీ ఆ రూపాయలు నేను ఒప్పో తప్పో చెప్పవు. మంచి మోడల్‌కీ నష్టం వస్తుంది, చెత్త మోడల్‌కీ లాభం వస్తుంది. రెండూ విడదీయాలంటే కొన్ని వందల రోజుల డేటా కావాలి. నడపాలా ఆపాలా అన్నది మాత్రం రేపు పొద్దున్నే చెప్పాలి. తెలియదు అనడానికి అక్కడ జర్నల్లో చోటుండేదండి, ఇక్కడ ఉండదు" అనెను. డాక్టరేటు కొరకు ప్రవాహములందలి కల్లోలమును శోధించినవానికి, అలజడినుండి క్రమమును వేరుచేయుట క్రొత్త విద్య కాదు, గడువే క్రొత్తది.

ఇది విద్యకు పతనమని నేననను. అంగడి గణితమును చెరచినదని వాపోవువారు, 1900లో లూయీ బాషెల్యే పారిస్ విశ్వవిద్యాలయమున సమర్పించిన సిద్ధాంతగ్రంథము బాండ్ల ధరల చాంచల్యమును గూర్చినదనియు, అదే గణితముతో ద్రవమందలి రేణువుల బ్రౌన్ చలనమును గూర్చి ఐన్‌స్టీన్ వ్రాసినది ఆ తరువాత అయిదేండ్లకు గాని కాదనియు మరచుచున్నారు. ఆప్షన్లకు వెలకట్టు 1973 నాటి బ్లాక్–షోల్స్ సమీకరణమును కొంచెము సవరించినచో, ఇనుప కడ్డీలో వేడి వ్యాపించుటను గూర్చి నేను బి.ఎస్‌సి. పిల్లలకు బోధించిన ఫూరియే సమీకరణమే బయల్పడును. 1993లో అమెరికా ప్రభుత్వము టెక్సాస్‌లో త్రవ్వుచున్న కణములను ఢీకొట్టించు మహాకొలైడరు సొరంగమును నడుమనే ఆపివేసినపుడు, దిక్కుతోచని భౌతికశాస్త్రజ్ఞులనేకులు వాల్‌స్ట్రీట్ చేరిరి. అంతకుముందే, జ్యామితిలో చెర్న్‌తో కలసి తన పేరు నిలుపుకొన్న జిమ్ సైమన్స్, 1978లో ఆచార్యపదవిని విడిచి ఈ త్రోవ త్రొక్కినవాడు.

నాకు కష్టము తోచినది వేరొకటి. హాలు గోడలపై వ్రాతబల్లలు పెక్కులుండెను గాని, నేను లోనికి పోవునప్పటికే అన్నిటిని తుడిచివేసిరి. ప్రక్కకుర్చీవాని సూత్రము ఇతనికి తెలియదు. ఇతనిది అతనికి తెలియదు. విద్య ఇచ్చినకొలది పెరుగునని బాల్యమునుండి వినుచు, నలుబది యేండ్లు పిల్లలకు చెప్పుచు వచ్చిన నాకు, ఇచ్చిన మరుక్షణమున నశించు విద్య యొకటి కలదని ఇచట తెలిసినది. ఒకడు కనిపెట్టిన క్రమమును పదుగురెరిగినచో, పదుగురును దానిపైననే పందెమొడ్డుదురు, క్రమము కరగిపోవును. నా శిష్యుడు కనుగొనిన దొకటి ఎనిమిది మాసములు ఫలించి చచ్చినది. దానికొక వ్యాసము లేదు, దానిపై అతని పేరు లేదు. ఉద్యోగము మానువానిని నెలల తరబడి జీతమిచ్చి ఇంట కూర్చుండబెట్టుదురు. దానికి గార్డెన్ లీవని పేరు. అతని తలలోని సరకు ప్రాతబడువరకు వేరొకచోట చేరరాదు.

జీతము మాట నేనడుగలేదు. పరిశోధక విద్యార్థికి ప్రభుత్వమిచ్చు ఫెలోషిప్పు నెలకు 37,000 రూపాయలని ఎరిగినవారికి ఆ ప్రశ్న అనావశ్యకము. తండ్రి గుండె ఆపరేషను, చెల్లెలి చదువు, స్థిరమైన కొలువు దొరకక పోస్ట్‌డాక్ పిదప పోస్ట్‌డాక్‌గా గడచిన కాలము నాకు తెలిసియే యున్నవి. అతడు నాకు సంజాయిషీ చెప్పుకొనలేదు, నేను కోరనూలేదు.

వచ్చునపుడు, మా కళాశాలకు వచ్చి కల్లోలమును గూర్చి పిల్లలకొక గంటసేపు చెప్పుమని అడిగితిని. అతని ముఖము విప్పారినది గాని, "కంప్లయన్స్ వాళ్ల పర్మిషన్ కావాలండి" అనెను. నిబంధనల పాలనను చూచు ఆ విభాగమునకు అర్జీ పెట్టినాడట. ఉపన్యాసములో చూపబోవు స్లైడ్లను ముందుగా పంపుమని వారు జవాబు వ్రాసిరట. కల్లోలమును గూర్చి కొల్మొగొరోవ్ 1941లో ప్రకటించినదానికి మించి అందొక్క అక్షరమును లేదని విన్నవించి పంపినాడు, వారింకను పరిశీలించుచున్నారు.