గుండెపోటు డబ్బున్నోళ్ల జబ్బు కాదండి



ఈసారి పంట గురించి కాదు, గుండె గురించి రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మన ఊళ్లలో ఒక మాటుంది. కూర్చుని తినేవాళ్లకి గుండెపోటు వస్తుంది గానీ, ఎండలో ఒళ్లు వంచి పనిచేసే మనకెందుకొస్తుంది అని. మా పక్క పొలం రైతు కూడా అదే అనేవాడు. సార్వా ఊడుపులప్పుడు కూలీలకి డబ్బు సర్దలేక బీపీ మాత్రలు ఆపేశాడు. ఒక రాత్రి గుండెల్లో మంటంటే, గ్యాసు అనుకుని సోడా తాగించారు. తెల్లారి ఆటో వచ్చేసరికి మనిషి లేడు. వయసు 51. ఇప్పుడా ఎకరంన్నర కౌలుకి పోయింది. కొడుకు చదువు మానేశాడు.

అప్పట్నించీ ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఎవరు దేనివల్ల పోయారో ఆరా తీశారు. మొత్తం చావుల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. పక్షవాతం కూడా అందులోదే. అంటే ఇరవై ఏళ్ల కిందటే ఇది మన పల్లెల్లోకి వచ్చేసింది.

ఇంకో సంగతి. మన దేశంతో కలిపి 17 దేశాల్లో లక్షన్నర మందికి పైగా జనాన్ని కొన్నేళ్లపాటు గమనించి 2014లో ఫలితాలు చెప్పారు. గుండెజబ్బు తెచ్చిపెట్టే కారణాలు ధనిక దేశాలవాళ్లలోనే ఎక్కువ, పేద దేశాలవాళ్లలో తక్కువ. కానీ గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చి చనిపోయేది మాత్రం పేద దేశాల్లోనే ఎక్కువ! మన కష్టం మనల్ని కొంత కాపాడుతున్నా, వైద్యం అందక పోతున్నాం అన్నమాట.

మన దేశంలో గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్కలు 2008లో వచ్చాయి. సగం మంది ఆసుపత్రి చేరేసరికే ఆరు గంటలు, ఆపైన అయింది. నెల తిరక్కుండా చనిపోయినవాళ్లు పేదల్లో వందకి 8 మంది పైనే, డబ్బున్నోళ్లలో 5 నుంచి 6. అందిన వైద్యంలో తేడా లెక్కలోకి తీసుకుంటే ఆ వ్యత్యాసం దాదాపు పోయింది. అంటే తేడా ఒంట్లో లేదండి, వైద్యంలో ఉంది.

బోదె పూడిపోతే చివరి మడి ఎండినట్టే, రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే గుండె కండరం చచ్చిపోతుంది. ఎంత తొందరగా అడ్డు తీస్తే అంత దక్కుతుంది. దానికి గడ్డ కరిగించే ఇంజక్షన్ ఉంది.

అందుకే నా మాట వినండి. బీపీ, షుగరు చూపించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మాత్రలు ఉచితంగా ఇస్తారు, అడిగి తెచ్చుకోండి. బాగానే ఉంది కదా అని మీ అంతట మీరు ఆపొద్దు. బీడీ, చుట్ట, ఖైనీ మానండి. ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. దగ్గర్లో ఈసీజీ, ఆ ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రి ఏదో ఈ వారమే కనుక్కుని ఇంట్లో ఆడవాళ్లకి కూడా చెప్పి పెట్టండి.

మోటారు కాలిపోతే అప్పు చేసైనా ఆ రోజే బాగుచేయిస్తాం. మన ఒంటికీ ఆ మాత్రం విలువ ఇద్దాం. మీ ఊళ్లో నలుగురికీ చెప్పండి.